తిరుపతిలో సదస్సు పెడుతున్నారా? టీ బ్రేక్ నుంచి లెక్క మొదలుపెట్టండి

మన వైపు ఏ వ్యాపార సదస్సుకైనా వెళ్లండి, సీను ఒకటే. ముందు వరసలో సోఫాలు, వాటి వెనక తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలు, స్టేజీ మీద పదిహేను మంది పెద్దలు, కింద ఫోన్లలో తల దూర్చిన రెండొందల మంది. పదకొండున్నరకు టీ అనగానే అదే జనం లేచి, గ్లాసు చేత్తో పట్టుకుని, "మీది పలమనేరా, పాలు ఎంతకు పోస్తున్నారు మీ పక్క?" అని మొదలుపెట్టారంటే మళ్లీ లోపలికి తేవడానికి మైకులో నాలుగుసార్లు బతిమాలాలి. చాలా ఏళ్లు ఆ బతిమాలింది నేనే. వాళ్లు వచ్చిందే ఆ టీ కోసమనీ, నేను కష్టపడి పెట్టిన ఉపన్యాసాలు ఒక టీకీ ఇంకో టీకీ మధ్య వాళ్లు ఓర్చుకునే గ్యాప్ అనీ అర్థం కావడానికి నాకు ఐదారు సదస్సులు పట్టింది.

ఈ పాఠం నాకొక్కడికే కాదు. హారిసన్ ఓవెన్ అని అమెరికాలో ఒకాయన 1980ల మొదట్లో ఏడాది పాటు కష్టపడి ఒక అంతర్జాతీయ సదస్సు ఏర్పాటు చేస్తే, వచ్చినవాళ్లంతా బాగున్నాయని మెచ్చుకున్నది కాఫీ విరామాలనట. ఆయన అలిగి కూర్చోకుండా 1985లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో సదస్సునే కాఫీ విరామంలా పెట్టేశాడు. ముందుగా వేసిన అజెండా లేదు, కుర్చీలు గుండ్రంగా వేసి, వచ్చినవాళ్లనే గోడ మీద అంశాలు రాసుకోమన్నాడు. దాన్నే ఓపెన్ స్పేస్ అంటారు. మన దగ్గర మొత్తం అలా నడపడం కష్టం, జ్యోతి వెలిగించకపోతే సభ ఇంకా మొదలవలేదనుకుని బయటే నిలబడేవాళ్లుంటారు. కానీ రోజులో సగం అలా పెట్టొచ్చు, నేను పెట్టాను. చిత్తూరు మామిడి మీద 90 మందితో ఒక్క రోజు సదస్సు అనుకుని చెబుతాను, మీది డెయిరీ అయినా హోటళ్లయినా సాఫ్ట్‌వేర్ అయినా పేర్లు మార్చుకోండి.

ముందు పది ఫోన్లు

హాలు మాట్లాడకముందు, ఫ్లెక్సీ డిజైన్ చేయించకముందు, వస్తారనుకునే వాళ్లలో పది మందికి ఫోన్ చేయండి. వాట్సాప్ మెసేజ్ పనికిరాదు, ఫోనే చేయాలి. "ఏ టాపిక్ పెడదామన్నా?" అని మాత్రం అడగొద్దు, అలా అడిగితే పేపర్లో చదివిందే అప్పజెబుతారు, ఎగుమతి అవకాశాలు, ప్రభుత్వ పథకాలు అని. "పోయిన సీజన్లో మీకు నిద్ర లేకుండా చేసిందేంది?" అని అడగండి, అప్పుడు వస్తాయి అసలు సంగతులు. రైతు అంటాడు, ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ రెండు రోజులు లైన్లో నిలబడితే కాయ మెత్తబడిపోతుంది, తగ్గిన తూకం ఎవరి ఖాతాలో రాయాలి అని. పల్ప్ యూనిట్ ఆయన అంటాడు, తోతాపురి గుజ్జులో బ్రిక్స్, అంటే తీపి కొలత, 14 కంటే తగ్గితే కొనేవాడు వద్దంటాడు, ముదరని కాయ తెస్తే నేనేం చేసేది, ఒక్కో డ్రమ్ము 215 కిలోలు, నిరుటి డ్రమ్ములే ఇంకా గోడౌన్లో ఉన్నాయి అని. ఫోన్లో విన్న మీకు ఈ రెండూ ఒకే తాడుకు రెండు కొసలని తెలిసిపోతుంది. ఆ ఇద్దరూ మాత్రం గేటు దగ్గర అరుచుకోవడం తప్ప ఒక బల్ల దగ్గర కూర్చుని ఉండరు. మీ సదస్సు చేయాల్సిన పని వాళ్లను కూర్చోబెట్టడమే.

ఆ పది ఫోన్లయ్యాక ఒక్క వాక్యం రాసుకోండి: "వచ్చే సీజన్లో ట్రాక్టర్ లైను తగ్గించడానికి మనలో ఎవరు ఏం చేస్తారు." పేరు కూడా దీన్లోంచే తీయండి. "మామిడి రంగం: సవాళ్లు, అవకాశాలు" అని మాత్రం పెట్టకండి, దండం పెడతాను.

రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు, ఊరు, ఫోన్ నంబరు కాక రెండు ప్రశ్నలు చాలు. "ఇక్కడ ఏం తెలుసుకోవాలని వస్తున్నారు?", "మీ అనుభవంలోంచి ఇంకొకరికి ఏం చెప్పగలరు?" రెండో ప్రశ్నకు చాలామంది "ఏమీ లేదు" అని రాస్తారు. వాళ్లకు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడితే, డ్రిప్ పైపులు అడవిపందుల నుంచి ఎలా కాపాడుకున్నాడో ఒకాయన చెబుతాడు, బ్యాంకు లోన్ కాగితాలు మూడుసార్లు వెనక్కొస్తే ఎలా సరిచేసిందో ఒకావిడ చెబుతుంది. అవి రాసి పెట్టుకోండి, మధ్యాహ్నం బల్లలకు అవే కావాలి.

తేదీ, దాంతోపాటు దర్శనం

మామిడివాళ్లకు మే నుంచి జులై దాకా ఊపిరాడదు, కాబట్టి అప్పుడు వద్దు. పెద్ద ముహూర్తాలున్న రోజుల్లో కల్యాణ మండపం దొరకదు, దొరికినా రాత్రి రిసెప్షన్ ఉంది మూడింటికల్లా ఖాళీ చేయమంటారు. బ్రహ్మోత్సవాలప్పుడూ వైకుంఠ ఏకాదశి అప్పుడూ రూముల గురించి నేను చెప్పనక్కర్లేదు.

అసలు సంగతి వేరే ఉంది. తిరుపతిలో మీ సదస్సుకు పోటీ ఇంకో సదస్సు కాదు, కొండ. విశాఖ నుంచో హైదరాబాదు నుంచో వచ్చే మనిషి ఇంట్లో బయల్దేరేటప్పుడే "ఎలాగూ తిరుపతే కదా" అనుకుని బయల్దేరతాడు. ఒకసారి నేను భోజనాలకు 120 మందిని లెక్క పెట్టుకుని, రెండున్నరకు హాల్లోకి వస్తే 41 మంది ఉన్నారు, మిగిలినవాళ్లకు దర్శనం టోకెన్ టైము అయిపోతోందట. ఆ రోజు మూడింటి సెషన్‌కు బెంగళూరు నుంచి వచ్చిన వక్త ముఖం నాకిప్పటికీ గుర్తే. తప్పు వెళ్లినవాళ్లది కాదు, నేను అడగలేదు.

కాబట్టి ఫారంలోనే అడిగేయండి, "దర్శనం ఉందా, ఎప్పుడు?" అని. మూడు వందల రూపాయల టికెట్లు ఆన్‌లైన్లో నెలల ముందే వస్తాయి, వచ్చిన కాసేపటికే అయిపోతాయి, అందుకని తేదీ ఖాయం చేసిన రోజే అందరికీ చెప్పండి, "సదస్సు శుక్రవారం, దర్శనం గురువారం గానీ శనివారం గానీ చూసుకోండి" అని. ఇంకో మాట, మర్నాడు పొద్దున్నే కలిసి శ్రీవారి మెట్టు ఎక్కుదామంటే కనీసం ఇరవై మంది చేయెత్తుతారు. అలిపిరి దారితో పోలిస్తే మెట్లు తక్కువ, పక్కపక్కన నడుస్తూ ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నంత బాగా ఏ ప్యానెల్లోనూ మాట్లాడుకోరు. కొండకు రాని వాళ్లకు చంద్రగిరి కోట చూపించండి, వాళ్లను రూముల్లో వదిలేయకండి.

హాలు ఎలా ఉండాలంటే

కుర్చీలు నేలకు బిగించిన ఆడిటోరియం ఎంత ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. అలాంటి చోట మనిషి పక్కవాడి చెవి మాత్రమే చూడగలడు. సమతలంగా ఉన్న నేల, కదిలే కుర్చీలు, టీ తాగుతూ నిలబడడానికి వెడల్పాటి వరండా, ఈ మూడూ ఉంటే మామూలు కల్యాణ మండపమే మంచిది. టెంట్ హౌస్‌లో ఐదడుగుల గుండ్రటి బల్లలు అడగండి. వాటి చుట్టూ ఎనిమిది కుర్చీలు వేస్తారు, మీరు ఆరే వేయించండి, ఎనిమిది మందైతే బల్లకు అటు కొసన ఉన్నవాళ్లు వేరే కబుర్లలో పడతారు. 90 మందికి 15 బల్లలు.

మండపాల్లో మాట గంగాళంలో పలికినట్టు మోగుతుంది, పైగా ఫ్యాన్ల చప్పుడు. ముందు రోజు వెళ్లి, చివరి బల్ల దగ్గర కూర్చుని, స్టేజీ మీంచి ఒకర్ని మాట్లాడమని వినండి. చార్టులు అంటించడానికి గోడ కావాలి కదా, మండపం వాళ్లు రంగు పోతుందని టేపు వేయనివ్వరు, అందుకని నేను రెండు స్తంభాల మధ్య నులక తాడు కట్టి బట్టల క్లిప్పులతో తగిలిస్తాను. చూడ్డానికి దోభీఘాట్‌లా ఉంటుందని ఒకాయన నవ్వాడు, పని మాత్రం జరుగుతుంది.

పేరు ట్యాగు మీద పేరు, ఊరు మాత్రమే, పెద్ద అక్షరాల్లో, తెలుగులో. హోదా రాయొద్దు. మేనేజింగ్ డైరెక్టర్ అని కనబడితే రైతు "సార్" దగ్గరే ఆగిపోతాడు, "పుత్తూరు" అని కనబడితే మా చెల్లెల్ని ఇచ్చింది ఆ ఊరికేనని మొదలుపెడతాడు.

స్టేజీ మర్యాదలు

వీటిని తీసేయమని నేను చెప్పను, చెప్పినా మీరు తీసేయలేరు. శాలువా పడకపోతే బాధపడేవాళ్లలో మీకు స్పాన్సర్ ఇచ్చినాయన కూడా ఉంటాడు. చేయగలిగిందల్లా వాటికి హద్దు పెట్టడం. జ్యోతి, స్వాగతం, ఒకే ఒక్కరి ఐదు నిమిషాల మాట, మొత్తం ఇరవై నిమిషాలు, ఆ తర్వాత స్టేజీ ఖాళీ, పెద్దలు కూడా కిందకు వచ్చి బల్లల దగ్గర కూర్చోవాలి. ఇది ముందే ఫోన్లో చెప్పండి, "సార్, మీరు రైతులతో ఒక బల్ల దగ్గర కూర్చుంటే బాగుంటుంది, వాళ్లు మిమ్మల్ని అడగాలనుకుంటున్నారు" అంటే కాదనేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. సన్మానాలన్నీ మధ్యాహ్న భోజనానికి ముందు పెట్టండి. అవతల సాంబారు వాసన వస్తుంటే ఎవరూ ఎక్కువ సేపు మాట్లాడరు, నాకు తెలిసిన టైమ్‌కీపర్లలో ఆకలిని మించింది లేదు. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆగకండి. ఆయన వచ్చినప్పుడు ఒక నిమిషం ఆపి స్వాగతం చెప్పి మళ్లీ కొనసాగించండి, ఆయన కోసం గంట ఆగిన 90 మంది ఆ రోజు ఇక మీ మాట వినరు.

మొదటి అరగంటలో అందరి నోరూ తెరిపించాలి

మనిషి పొద్దున్నే ఒకసారి మాట్లాడితే రోజంతా మాట్లాడతాడు, మధ్యాహ్నం దాకా నోరు మూసుకుని కూర్చున్నవాడు సాయంత్రం కూడా అలాగే కూర్చుంటాడు. దీనికి నేను వాడేది ఒకటి, రెండు, నాలుగు, అందరూ అనే పద్ధతి, పన్నెండు నిమిషాల పని. ప్రశ్న ఒకటి స్టేజీ మీద పెద్దగా రాసి పెట్టండి. ఒక నిమిషం ఎవరికి వాళ్లు మౌనంగా కాగితం మీద రాసుకుంటారు. రెండు నిమిషాలు పక్కవాళ్లతో. ఆ ఇద్దరూ ఇంకో ఇద్దరితో కలిసి నాలుగు నిమిషాలు. తర్వాత ఐదు నిమిషాలు మైకు తిప్పి, ఒక్కో గుంపు నుంచి ఒక్క ముక్క వినండి. ఆ మొదటి నిమిషం మౌనాన్ని తీసేయకండి. మన దగ్గర గట్టిగా మాట్లాడేవాడు ముందు మాట్లాడతాడు, మిగతావాళ్లు "అంతే అన్నా, మీరు చెప్పిందే" అంటారు, కాగితం మీద ముందే రాసుకుంటే ఆ మాట అనలేరు. రాయడం రానివాళ్లుంటే పక్కన ఒక కాలేజీ కుర్రాణ్ని కూర్చోబెట్టండి, ఎవరికి ఆ సాయం కావాలో మైకులో అడగొద్దు.

తర్వాత ఉపన్యాసాలు, కానీ రెండే, ఒక్కోటి పన్నెండు నిమిషాలు. వక్తలు ఒప్పుకోరు, "పన్నెండు నిమిషాల్లో ఏం చెప్తామండీ" అంటారు. 2003లో టోక్యోలో మొదలైన పెచకుచ పద్ధతిలో 20 స్లైడ్లు, ఒక్కోటి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లలో మనిషి తన పనంతా చెప్పి దిగిపోతాడు. నేను దానికి దాదాపు రెండింతలు ఇస్తున్నానని చెబుతాను. ఉపన్యాసం అయ్యాక "ప్రశ్నలుంటే అడగండి" అని నేరుగా మైకు ఇవ్వకండి, ఎవరో ఒకాయన లేచి ప్రశ్న పేరుతో ఇంకో ఉపన్యాసం ఇస్తాడు. మూడు నిమిషాలు బల్ల దగ్గర మాట్లాడుకోమని, బల్లకో ప్రశ్న చీటీ మీద రాసి ఇమ్మనండి.

గోడ మీద అంగడి

టీ తర్వాత, పదకొండున్నరకు, ఓవెన్ చేసిన పని చేయండి. తాడుకు ఖాళీ చార్టులు తగిలించండి, పైన రెండు టైములు, కింద ఆరు బల్లల నంబర్లు, అంటే పన్నెండు గడులు. "ఎవరికైనా మాట్లాడాలనుకున్న విషయం ఉంటే ఒక కాగితం మీద రాసి, పేరు చెప్పి, ఇక్కడ తగిలించండి" అని చెప్పి ఊరుకోండి. మొదటి రెండు నిమిషాలు ఎవరూ లేవరు. టెన్షన్ పడకండి, మైకు తీసుకుని ఆ నిశ్శబ్దాన్ని పూడ్చకండి. ముందు ఫోన్ చేసినప్పుడు దొరికిన వాళ్లలో ఇద్దరికి నేను ముందు రోజే చెప్పి ఉంచుతాను, మీరు లేవండన్నా అని. వాళ్లు లేస్తే వెనకే పది మంది లేస్తారు. "ట్రాక్టర్‌కు టోకెన్ టైము ఇస్తే ఎలా ఉంటుంది?" అని ఒక బల్ల పెట్టింది యూనిట్ ఓనరు కాదు, ట్రాక్టర్ డ్రైవరు. కొండ మీద దర్శనానికి టోకెన్ ఇస్తున్నప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎందుకివ్వరని ఆయన ప్రశ్న.

దీన్లో రెండు కాళ్ల సూత్రం అని ఒకటుంది. ఒక బల్ల దగ్గర మీకు నేర్చుకునేదీ లేదు, ఇచ్చేదీ లేదనిపిస్తే లేచి ఇంకో బల్లకు పోవచ్చు. చెప్పడం తేలికే, మనకు పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో లేవడం మర్యాద తక్కువ కదా. అందుకని నేనే ముందు ఒక బల్ల దగ్గర ఐదు నిమిషాలు కూర్చుని, నమస్కారం పెట్టి, లేచి పక్క బల్లకు పోతాను, అందరూ చూసేలా. ఇద్దరు ముగ్గురు అలా కదిలాక మిగతావాళ్లకు సిగ్గు పోతుంది.

బల్ల దగ్గర ఒకర్ని పెట్టాలి, ఆయన పని మాట్లాడడం కాదు, మాట్లాడించడం. ప్రతి బల్లలోనూ ఒక పెద్దాయన ఉంటాడు, అన్నీ తెలిసినవాడు, నిజంగానే తెలిసినవాడు, అదే సమస్య. ఆయన్ని ఆపొద్దు, పని ఇవ్వండి, "అన్నా, మీరు చివర్లో మొత్తం కలిపి రెండు ముక్కల్లో చెప్పాలి, అందరిదీ వినండి" అంటే ఆయనకు గౌరవం, మిగతావాళ్లకు ఊపిరి. మొదటి మాట బల్లలో చిన్నవాళ్లతో గానీ ఆడవాళ్లతో గానీ చెప్పించండి. ఇంకోటి, మన జిల్లాలు రెండు సరిహద్దుల మీద ఉన్నాయి. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చేవాళ్లకు తమిళం, కుప్పం వైపు వాళ్లకు తమిళమో కన్నడమో నోటికి తేలిక. పవర్ పాయింట్ ఇంగ్లీషులో పెట్టి, మాట తెలుగులో మాట్లాడి, వాళ్లకు అర్థమైందనుకోకండి. రెండు భాషలూ వచ్చినవాళ్లను అలాంటి బల్లకు ఒక్కర్ని కూర్చోబెడితే చాలు.

ఫ్యాక్టరీవాళ్లు, రైతులు ఒకే బల్ల దగ్గర ఉన్నప్పుడు భయం ఉంటుంది, రేపు నా కాయ తీసుకోడేమో అని. లండన్‌లోని చాథమ్ హౌస్‌లో 1927 నుంచీ ఒక నియమం ఉంది, విన్న విషయం బయట వాడుకోవచ్చు, ఎవరన్నారో మాత్రం చెప్పకూడదు. అది మైకులో ఒప్పించండి. ప్రెస్‌నూ యూట్యూబ్ ఛానెళ్లనూ జ్యోతి దాకా రానివ్వండి, ఫొటోలు తీసుకోనివ్వండి, టిఫిన్ పెట్టి పంపండి. కెమెరా ఉన్న బల్ల దగ్గర ఎవరూ నిజం మాట్లాడరు.

భోజనం, ఆ తర్వాత నిద్ర

90 మందికి ఒకే బఫే లైను పెడితే చివరి మనిషి ప్లేటు పట్టేసరికి మొదటి మనిషి చేయి కడుక్కుంటాడు. రెండు కౌంటర్లు పెట్టించండి, రెండింటికీ ఇరువైపులా జనం వెళ్లేలా. రాగి సంగటి, ఊరిబిండి ఉంటే బయటి ఊళ్లవాళ్లు దాని గురించే పది నిమిషాలు మాట్లాడుకుంటారు, మంచిదే, కానీ దాని మీద అన్నం కూడా పెట్టారో, రెండింటి తర్వాత మీకు దేవుడే దిక్కు.

అందుకే మధ్యాహ్నం మొదటి సెషన్ నడిచేదిగా ఉండాలి. 1995లో కాలిఫోర్నియాలో వాన వల్ల పుట్టిందీ పద్ధతి. హువానీటా బ్రౌన్, డేవిడ్ ఐజాక్స్ ఇంట్లో పెద్ద గుండ్రటి సమావేశం అనుకుంటే వాన పడింది, జనం చిన్న చిన్న బల్లల చుట్టూ కూర్చుని బల్ల మీద పరిచిన కాగితాల మీదే రాసుకుంటూ, బల్లలు మారుతూ మాట్లాడుకున్నారు. వరల్డ్ కెఫే అంటారిప్పుడు. మీరూ బల్ల మీద తెల్ల చార్టు పరిచి స్కెచ్ పెన్నులు పెట్టండి, ఇరవై నిమిషాలకోసారి బెల్లు కొట్టండి, ఒక్కరు బల్ల దగ్గరే ఉంటారు, మిగతావాళ్లు తలా ఒక దిక్కుకు పోతారు, ఉండిపోయినవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు ముందు మాట్లాడింది చెబుతారు. మూడు విడతలు, గంట. గుంపుగా ఒకే బల్లకు పోతుంటే ఆపండి, ఒకే ఊరివాళ్లు కలిసే తిరుగుతారు, పెళ్లిలో లాగా.

ముగించడం

సాయంత్రం నారాయణాద్రి రైలు ఎక్కాల్సినవాళ్లు మూడున్నర నుంచే గడియారం చూస్తుంటారు, కాబట్టి నాలుగింటికి ముగించేలా వేసుకోండి, ఐదు అని ప్రకటించి ఐదున్నరకు చేయకండి. చివరి అరగంటలో వందన సమర్పణ రెండు నిమిషాలు, మిగతాదంతా ఒకే పని. ప్రతి ఒక్కరికీ ఒక పోస్టుకార్డంత అట్ట ఇచ్చి, "వచ్చే నెల రోజుల్లో నేను చేసే ఒక పని, దానికి నాకు సాయం కావాల్సిన ఒక మనిషి" అని రాయమనండి. తర్వాత ఆ మనిషిని హాల్లోనే వెతుక్కుని చెప్పమనండి. పది నిమిషాలు హాలంతా సంతలా ఉంటుంది, ఉండనివ్వండి. ఫీడ్‌బ్యాక్ ఫారం అని ఐదు నక్షత్రాల కాగితం ఇచ్చే బదులు గేటు దగ్గర నిలబడి, వెళ్లేవాళ్లను ఒక్కటే అడగండి: "ఇవాళ ఎవరి నంబరు తీసుకున్నారు?" కొత్త నంబరు ఒక్కటైనా లేని మనిషి దగ్గర మీరు ఫెయిలయినట్టు లెక్క.

చార్టులను మాత్రం మీరు గేటు దగ్గరకు వెళ్లకముందే ఫొటోలు తీసే పని ఒక కుర్రాడికి అప్పగించండి, వరసగా, బల్ల నంబరు కనబడేలా. ఆ పని మరిచిపోయి ఒకసారి నేను తిరిగొచ్చేసరికి హాలు వాళ్లు ఊడ్చేశారు, ట్రాక్టర్ టోకెన్ల లెక్కంతా రాసిన చార్టు ఎంగిలి ఆకులతో పాటు బండెక్కింది. అట్టల మీద రాసినవి ఆ రాత్రే టైపు చేసి గ్రూపులో పెట్టండి, ఆ గ్రూపులో గుడ్ మార్నింగులు నిషేధం అని మొదటి మెసేజ్‌గా రాయండి. ముప్పయ్యో రోజున ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అట్ట మీద రాసింది చదివి వినిపించండి. 90 ఫోన్లు, ఇద్దరు కూర్చుంటే రెండు రోజుల పని. ఎత్తనివాళ్లకు మరుసటి రోజు పొద్దున, పాలు పోసి వచ్చే టైముకు, మళ్లీ ఒకసారి చేయండి.